పటేలు చూపు, సంఘం చూపు

జహీరాబాదు ప్రాంతపు నేల ఎర్రనిది, సారము తక్కువది. వాన మీద నమ్మకముంచడానికి వీలులేదు. ఇట్టి నేలలో, పస్తాపూరు కేంద్రంగా 1983లో వెలసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో పేద దళిత స్త్రీలు ఊరూరా సంఘాలుగా కూడి, బీడుపడిన తమ చెలకలను మరల సేద్యానికి తెచ్చుకొన్నారు. ఒకే చేనిలో జొన్న, కంది, కొర్ర, సామ కలిసి పెరుగుతాయి. వేసేది పెంట ఎరువు. విత్తనం ఎవరి ఇంటిది వారిదే; వేపాకు, బూడిద కలిపి బుట్టలలో దాచుకొన్నది. నీరు కట్టకుండా, చలికాలపు మంచుతోనే పండే పైరులకు వారు పెట్టుకొన్న పేరు ‘సత్యం పంటలు’.

పల్లె బ్రతుకును ఫోటో తీయడానికి సాధారణంగా పట్నం నుండి ఎవరో వస్తారు, తీసుకొని వెళ్ళిపోతారు. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ కోత కూలీల మకాము వద్ద డొరొతియా లాంగ్ ఒక తల్లిని ఫోటో తీసింది. ఆ చిత్రం లోకప్రసిద్ధమైంది. కాని ఆమె ఆ తల్లి పేరు అడగలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న ఆ పేరు లోకానికి తెలిసింది 1978లో!

పస్తాపూరులో జరిగింది వేరు. 1990ల చివర సంఘం స్త్రీలే వీడియో కెమెరా పట్టడం నేర్చుకొన్నారు. వారిలో పలువురికి అక్షరజ్ఞానం లేదు. కెమెరా భాష ఇంగ్లీషులో ఉన్నది గనుక దానికి తమ పేర్లు తామే పెట్టుకొన్నారు. పైనుండి క్రిందికి చూపేది పటేలు షాట్, ఎందుకంటే దొర పేదవానిని చూచేది అట్లే. క్రిందినుండి పైకి చూపేది బానిస చూపు. ఎదుటి మనిషి కంటికి సరిసమానంగా నిలిపి తీసేది సంఘం షాట్. ఏ ఫిల్ము పాఠశాలలోనూ ఇంతకంటె సూటిగా ఈ పాఠం చెప్పరేమో!

ఏటేటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు పల్లెపల్లెకూ తిరిగేవి. ఆ సంబరమూ వారి కెమెరాకు ఎక్కింది. కాని వారు సంబరంతోనే తృప్తిపడలేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించగా, వరంగల్ జిల్లాకు వెళ్ళి, దానిని వేసిన రైతులనే మళ్ళీ మళ్ళీ కలిసి వారి మాటలను చిత్రీకరించారు. ఆ విత్తనాన్ని వ్యతిరేకించిన ఉద్యమంలో భాగమే కనుక ఆ చిత్రాన్ని ఒక పక్షపు సాక్ష్యంగానే చూడాలి. అయినా అందులో మాట్లాడినది చేనిలో నిలబడిన రైతు, వినినది మరొక చేను దున్నుకొనే స్త్రీ.