ఇంట చేసిన ట్రాక్టరు: ఆనవాళ్లు

1930 తరువాతి ఆర్థికమాంద్య దినములలో ట్రాక్టరు కొనలేని అమెరికా రైతులు, మనము పాతచీరలతో బొంత కుట్టినట్లు, పాతకార్లను కోసి ట్రాక్టర్లు చేసికొనిరి. వానికి 'డూడుల్‌బగ్గు' అని ముద్దుపేరు. నేటికిని అట్టివి కొట్టములలో కానవచ్చుచున్నవి. చేసినవాడు గతించినచో ఇల్లాలికి దాని పుట్టుపూర్వోత్తరములు తెలియవు. తుక్కువర్తకుడు తూకమునకు అడుగును. ఇచ్చుటకు ముందు ఆనవాళ్లు చూడవలెను.

కొయ్యయాకుల చక్రములును, వెనుకకు నడుపుటకు ప్రత్యేకముగ నొక పెడలును ఉన్నచో మూలము చాలవరకు 1908–1927 నాటి ఫోర్డు 'టీ' కారు. ఉక్కుకమ్మీల చక్రములు, చేతిమీటతో మార్చు మూడు గేర్లు ఉన్నచో 1927–1931 నాటి 'ఏ' కారు కావచ్చును. ఇంజను ఎడమప్రక్క మడ్డి గీకి, నూనెగుడ్డతో తుడిచినచో సంఖ్య కనబడును. అయినను ఇంజను వయస్సే బండి వయస్సని నమ్మరాదు. వెనుక ఇరుసు వేరొక లారీది కావచ్చును.

అన్నిటికంటె ముచ్చటైనది గేరుపెట్టెల జోడు. ఒక్కొక్క పెట్టె వేగమును మూడవవంతు చేసినచో, ఒకదాని వెనుక నొకటి బిగించిన రెండును తొమ్మిదవవంతు చేయును. ఆ మేరకు లాగుబలము హెచ్చును. కారు నాగలిని లాగగలుగుట ఇందువలననే. ఈ జోడు కనబడినచో తూకపు బేరము మాని, సంఖ్యలన్నియు కాగితమున వ్రాసి, పాతయంత్రములు బాగుచేయువానికి చూపవలెను.