తిట్టే ముందు ప్లగ్గు చూద్దాం

ప్రియమైన తల్లిదండ్రులకు,

వేసవిలో నాకు వచ్చే ఫోన్లలో తరచూ వినిపించే మాట: "సార్, మావాడు ఏం చేశాడో ఏమో, సిస్టమ్ ఆన్ కావడం లేదు." చాలాసార్లు పిల్లవాడు ఏమీ చేసి ఉండడు. మన అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఎండకూ దుమ్ముకూ మాత్రం కొదవ లేదు. సీపీయూలోని ఫ్యాన్‌కు దుమ్ము పట్టి గాలి ఆడకపోతే ప్రాసెసర్ వేడెక్కి, కాలిపోకుండా తానే ఆగిపోతుంది. దానికి పిల్లల మీద కేకలెందుకు?

బోరు మోటారు ఆడకపోతే ఊళ్లో తాత ఏం చేస్తారు? మూడు ఫేజులూ ఉన్నాయా అని చూస్తారు. తరువాత ఫ్యూజు, ఆ తరువాత స్టార్టర్. అవన్నీ బాగుంటేనే మెకానిక్‌కు కబురు. కంప్యూటర్‌కూ అదే వరస.

లైటే వెలగకపోతే ప్లగ్గు, పవర్ కేబుల్, స్విచ్ బోర్డు చూడాలి. ఫ్యాన్ తిరుగుతున్నా తెర నల్లగా ఉంటే ముందు మానిటర్ కేబుల్, తరువాత ర్యామ్. ర్యామ్‌ను తీసి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి పెడితే చాలాసార్లు పని జరుగుతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పు చూపిస్తే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయినట్టే. కాసేపు నడిచి ఆగిపోతుంటే దుమ్ము దులపాలి.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, ఫలితం నోటు పుస్తకంలో రాసుకోవాలి. మూత తీసేముందు ప్లగ్గు పీకాలి, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసినా అందులో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది.

ర్యామ్ అంటే ఏమిటో రాస్తే మా పరీక్షలో మార్కులు వేస్తాం. దాన్ని చేత్తో తీసి పెట్టిన పిల్లలు తక్కువ. ఆ లోపం మా ఉపాధ్యాయులదీ. కానీ తిట్లకు భయపడిన పిల్లవాడు రేపు ఏది పాడైనా దాచిపెడతాడు. ఈసారి సిస్టమ్ ఆగితే "ఏం చేశావురా?" అనకండి. "రా నాన్నా, ఎక్కడ ఆగిందో చూద్దాం" అనండి. అరగంట పోతే పోయింది. బాగుకాకపోతే మెకానిక్ ఎలాగూ ఉన్నాడు.

మీ
కంప్యూటర్ ఉపాధ్యాయుడు