యంత్రము పనిని తగ్గించునా?

పని యనగా నేమని పరీక్షలో నడిగినచో మన విద్యార్థులలో పెక్కురు, "బలమును, ఆ బలము దిశలో వస్తువు జరిగిన దూరమును గుణింపగా వచ్చు లబ్ధము" అని తడుముకొనక వ్రాయుదురు. మన తాతలు మోట తోలునపుడు ఎద్దులను పల్లమునకేల నడపిరని వారినే యడిగినచో మాఱు పలుకరు. నిర్వచనము నోటికి వచ్చినది గాని విషయము మనస్సున నాటలేదు. బలము, పని, శక్తి యను పాఠములను తరగతి గదిలోనే గాక బావియొద్దను, బండియొద్దను గూడ నేర్పవలయునని నా యభిప్రాయము.

యంత్రములు పనిని తగ్గించునని లోకులు తలంతురు. ఇది సరికాదు. 75 కిలోల ధాన్యపు బస్తాను ఒక మీటరు ఎత్తుగల బండిమీదికి చేర్చవలెననుకొందము. తిన్నగా నెత్తుటకు ఇద్దఱు కావలయును. మూడు మీటర్ల బల్లచెక్కను వాలుగా నానించి దానిమీదుగా జరిపినచో, రాపిడిని విడిచి లెక్కించిన, 25 కిలోల బరువు నెత్తునంతటి బలము చాలును. కాని బస్తా ఒక మీటరునకు బదులుగా మూడు మీటర్లు జరుగవలెను. 75ను 1చేతను, 25ను 3చేతను గుణించి చూడుడు, లబ్ధ మొక్కటియే. బలమున మిగిలినదానిని దూరమున చెల్లించితిమి. గడ్డపారతో బండఱాతిని పెకలించువానికిని ఇదియే విధి. ఱాయి అంగుళము లేచుటకు అతని చేయి జానెడు దిగవలయును.

బావిమీది గిలక సంగతి మఱింత చిత్రము. అది బలమును సైతము తగ్గింపదు. దిశను మాత్రమే మార్చును. పైకి లాగుటకు బదులుగా క్రిందికి లాగుదుము గనుక మన శరీరభారము తోడగును, అంతియే. మోటలో ఎద్దులు వాలుబాటను దిగునపుడు వాని బరువు గూడ మోకును లాగెడిది. కాని ఖాళీ బాన బావిలోనికి దిగునపుడు అవి తమ బరువును తామే మోసికొని బాట నెక్కి ఆ ఋణమును తీర్చుకొనెడివి.

యంత్రముచే ప్రకృతిని మోసగింప వీలుకాదని గెలీలియో సుమారు 1600లో, యంత్రములను గూర్చిన తన రచనలో వివరించెను. పిమ్మట 1840–1850 నడుమ ఇంగ్లండు దేశీయుడగు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్, దిగుచున్న బరువులచే నీటిలో తెడ్లను త్రిప్పించి, వ్యయమైన పని నీటి వేడిగా మాఱుటను కొలిచి చూపెను. కందెన లేని యిరుసు వేడెక్కుట మన బండివా రెఱుగుదురు. ఎద్దులు చేసిన పనిలో కొంత బండిని నడుపక యిరుసును కాచుచున్నదన్నమాట. కందెన పూయువాడు జౌల్ పేరు వినకున్నను ఆయన కనుగొన్న సత్యమును పాటించుచున్నాడు.

ఈ లెక్క యొక్క విలువ పొలమున తెలియును. ఒక ఎకరమున అంగుళము లోతు నిలుచు నీరు సుమారు 1,02,800 లీటర్లు. అనగా లక్ష కిలోలకు పైబడిన బరువు. దానిని 5 మీటర్ల లోతునుండి పైకెత్తుటకు దాదాపు 50 లక్షల జౌళ్ల పని కావలయును. దృఢకాయుడగు మనుష్యుడు గంటలకొలది సుమారు 75 వాట్ల చొప్పున పనిచేయగలడు. తొణికిన నీటిని, రాపిడిని లెక్కింపకయే అతనికి పదునెనిమిది గంటలకు పైగా పట్టును. ఒక యూనిట్ విద్యుత్తు 36 లక్షల జౌళ్లు గనుక ఆ పనియంతయు ఒక యూనిట్టున్నరకు లోపే. మోటారులోను, పంపులోను పోవు వ్యర్థమును చేర్చినను రెండు మూడు యూనిట్లు! ఏతము త్రొక్కిన మన పెద్దలు ఎంత శ్రమపడిరో, మనము ఊరక వెలుగనిచ్చు దీపము ఎంత విలువగలదో ఈ లెక్కయే చెప్పును.

ధవళేశ్వరమున 1847–1852 నడుమ ఆర్థర్ కాటన్ నిర్మింపించిన ఆనకట్టను గూడ ఈ దృష్టితో చూడవలెను. అది నదిలోని నీటిమట్టమును హెచ్చించి కాలువలకు మరలింపగా, నీరు తన బరువుచేతనే పల్లమునకు పాఱి పొలములకు చేరినది. అచ్చట రైతు నీటి నెత్తనక్కఱలేకపోయెను. అట్లని పని మాయము కాలేదు. సముద్రపు నీటిని ఆవిరిగా లేపి, మేఘముగా కొండలపైకి చేర్చినవాడు సూర్యుడే.

"మోటార్లున్న యీ కాలమున మోటలు, ఏతములు మా పిల్లలకేల?" అని కొందఱు తలిదండ్రు లడుగవచ్చును. పిల్లలను మరల ఏతమెక్కింపుమని నేను చెప్పుటలేదు. మోటారులో దాగియున్న నియమము ఏతమున కంటికి కనబడును గనుక దానినుండి మొదలిడుమని చెప్పుచున్నాను. తగిన పరికరములు లేవని ఉపాధ్యాయులు సంశయింప నక్కఱలేదు. ఒక స్ప్రింగుత్రాసు, ఒక గిలక, ఒక బల్లచెక్క, కొలబద్ద, మోకు చాలును. ప్రతి తరగతివారును సంవత్సరమున కొకమాఱైనను బలమును, దూరమును తామే కొలిచి, రాపిడికి పోయినదెంతో లెక్కకట్టి చూపవలెను. నిర్వచనమునకు వలెనే దీనికిని మార్కు లీయవలెను.

విద్యార్థులారా! మీ యింట నీరు మోయువారిని, సంతలో బస్తా లెత్తువారిని ఇకమీదట ఈ లెక్కతో చూడుడు. సృష్టికర్త యేర్పఱచిన యీ నియమమునుండి తప్పించుకొను యంత్ర మేదియు లేదు. మనము సుఖముగా కూర్చున్నపుడు మన పనిని మఱియొకరో, ఎద్దో, బొగ్గో, నదియో చేయుచుండును. ఎవరు చేయుచున్నారో తెలిసికొని వారియెడ కృతజ్ఞతతో నడచుకొనుటయే ఈ పాఠమునకు ఫలము.