కాపరి లేని వారములు

చిన్న సంఘమునకు ప్రత్యేకముగా యువజన కాపరి యుండుటయే అరుదు. ఉన్నచోట పాట యెత్తువాడు ఆయనయే, వాక్యము చెప్పువాడు ఆయనయే. హార్మోనియము పెట్టె తాళపుచెవియు ఆయన జేబులోనే యుండును. అట్టివాడు జబ్బుపడినను, పై చదువునకు వెళ్లినను, బదిలీయైనను యువజన కూటము గతి యేమి? మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల చిన్న సంఘములు తప్పక ఆలోచింపవలసిన ప్రశ్న యిది.

సాధారణముగా సంఘములు త్రొక్కు దారులు రెండు. "అయ్యగారు వచ్చిన తరువాత చూతము" అని తలుపు మూయుట యొకటి. కాదనలేని మెత్తనివాని నొకనిని, తరచుగా ఒక బడిపంతులును, పట్టి బరువంతయు అతని నెత్తిన పెట్టుట రెండవది. మొదటిదానివలన పిల్లలు చెదరుదురు. రెండవదానివలన ఆ పంతులు విసిగి తానును తప్పుకొనును.

తలుపు మూయుటవలని నష్టము ఈ సీమ నెరిగినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఇచ్చటి పిల్లలు చదువు కొంత ముగియగనే పనికో, పై చదువునకో బెంగుళూరు దారి పట్టుదురు. కుప్పమునుండి రైలు, తక్కిన రెండూళ్లనుండి బస్సులు సిద్ధముగ నున్నవి. పదునైదేండ్ల పిల్లవాడు మన కూటములో కూర్చుండు కాలము రెండు మూడేండ్లకు మించదు. అందులో మూడు నెలలు పోవుట చిన్న నష్టమా? ఇక ఆడపిల్లల మాట మరింత సున్నితము. కూటము ఒకసారి ఆగినచో, మరల పంపుటకు తల్లిదండ్రులు వెనుకాడుదురు.

అయినను కాపరి దగ్గర లేకుండుట ఈ సీమ సంఘములకు క్రొత్త కాదు. అర్కాటు మిషను వైద్యబోధకుడు జేకబ్ ఛాంబర్లేన్ 1863లో మదనపల్లె కేంద్రమున పని పూనెను. ఆ యేటనే హైదరాబాదు రాజ్యముగుండ నెలల తరబడి యాత్ర సాగించెను. దొరలు ఎప్పుడో యొకప్పుడు వచ్చి పోవువారు. తక్కిన దినములలో పల్లె సంఘములను నిలిపినవారు ఉపదేశులును, పెద్దలును. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో నేటికిని ఒక గురువు చేతిక్రింద పెక్కు గ్రామ సంఘము లుండుట కద్దు. పెద్దల ఆరాధన ఆయన లేకయే జరుగుచుండగా పిల్లల కూటము మాత్ర మేల ఆగవలెను?

నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే మామ యిత్రో అల్లునికి చెప్పిన బుద్ధి యిదియే. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి వేరువేరుగ అధిపతులను నియమింపు మనెను. మన చిన్న కూటము లెక్కకు ఆ కడపటి పదిమందియే! 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండున ఫ్రాన్సిస్ క్లార్క్ స్థాపించిన క్రిస్టియన్ ఎండెవర్ సమాజమును ఈ మార్గమే పట్టినది. యువకులే వంతులవారీగా కూటము నడుపుదురు. పనులను చిన్న చిన్న సంఘములుగ పంచుకొందురు.

కావున కాపరి ప్రయాణమునకు నెల ముందుగనే పనులు పంచవలెను. తలుపు తీయువా డొకడు, పాట యెత్తున దొకతె, వాక్యము చదువువాడు వేరొకడు, రానివారి యింటికి పోయి పలుకరించువారు మరి యిద్దరు. ఆ నెలలో కాపరి వెనుక బెంచీమీద కూర్చుండి చూడవలెను. పెద్ద లిద్దరు, అందొకరు స్త్రీ, ప్రతి కూటమునకు హాజరు కావలెను. ప్రసంగించుటకు కాదు, కనిపెట్టి యుండుటకు. పిల్లలలో నెవరైన తన కష్టమును చెప్పుకొనినచో ఎవరియొద్దకు కొనిపోవలెనో వారికి ముందుగనే తెలిసి యుండవలెను.

"పిల్లలచేతి కిచ్చినచో తప్పులు బోధింపరా?" అని పెద్దలు శంకింతురు. శంక సహజమే. కాని పెద్దలయెదుట పలికిన తప్పు ఆ పూటనే దిద్దబడును. చెదరిపోయిన పిల్లవానిని బెంగుళూరులో వెదకి తెచ్చువా రెవరు?

తుదిమాట కాపరులకే. తిరిగి వచ్చిన దినముననే పంచిన పనులన్నియు మరల చేతిలోనికి తీసికొనకుడు. తాము లేనప్పుడు పిల్లలు నేర్చిన పనిని, తాము వచ్చిన పిదపయు వారియొద్దనే యుండనిండు.