అంతర్జాల స్వేచ్ఛ – విద్యుత్తు పద్దు

2025 అక్టోబరు 14వ తేదీ రెండు కారణాలవల్ల గుర్తుంచుకోదగిన రోజు. విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి డేటా కేంద్రాన్ని నెలకొల్పుతామనీ, 2026 నుండి 2030 వరకు అయిదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు వెచ్చిస్తామనీ గూగుల్ సంస్థ ఆనాడు ప్రకటించింది. సరిగ్గా ఆ రోజుతోనే విండోస్ 10 వాడుతున్న కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు ముగిసింది. మొదటి వార్తను ఇంటింటా చెప్పుకొన్నాం. రెండవది చాలామంది చెవిని పడనేలేదు. అంతర్జాలానికి మనం చెల్లిస్తున్న మూల్యం ఏమిటో తెలియాలంటే రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈ శీర్షికను క్రమంగా చదివేవారికి ఈ రచయిత యంత్రపక్షపాతి అన్న సంగతి కొత్త కాదు. 1993 ఏప్రిల్ 30న ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్, వరల్డ్ వైడ్ వెబ్‌ను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. 1995 ఆగస్టు 15న విదేశ సంచార నిగమ్ మన దేశంలో ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించింది. ఆనాడు మహానగరాలకు పరిమితమైన ఆ సౌకర్యం నేడు పొలం గట్టున నిలబడిన రైతు అరచేతిలో ఉంది. ఈ విస్తరణకు చట్టపరమైన రక్షణ కూడా దొరికింది. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఒక్కో సమాచారానికి ఒక్కో ధర నిర్ణయించే పద్ధతిని టెలికం నియంత్రణ ప్రాధికార సంస్థ 2016 ఫిబ్రవరి 8న నిషేధించింది. అంతర్జాల సేవలను నిరవధికంగా నిలిపివేయడం చెల్లదని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇవన్నీ కాపాడుకోవలసిన సంపదలు.

అయితే స్వేచ్ఛగా ప్రవహించే ఆ సమాచారానికి ఒక నివాసం ఉంది. వాడుకలో దానిని ‘క్లౌడ్’ అంటున్నారు. మేఘం అనగానే బరువు లేనిదేదో ఆకాశంలో తేలుతున్నట్లు తోస్తుంది. వాస్తవానికి అది కాంక్రీటు కట్టడం; లోపల వరుసలు తీరిన కంప్యూటర్లు, పక్కన ట్రాన్స్‌ఫార్మర్లు, డీజిల్ జనరేటర్లు, శీతలీకరణ యంత్రాలు. కంప్యూటరులోకి వెళ్లిన విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటకు పంపడానికి మళ్లీ విద్యుత్తో, నీరో, రెండూనో కావాలి.

అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా కేంద్రాలు సుమారు 41,500 కోట్ల యూనిట్లు వాడాయి. ఇది ప్రపంచ విద్యుత్ వినియోగంలో ఒకటిన్నర శాతం. 2030 నాటికి ఇది రెట్టింపును మించుతుందని ఆ సంస్థే చెబుతున్నది. మన ముంగిట్లో లెక్క వేసి చూద్దాం. విశాఖ సమీపంలోని సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు. 1,000 మెగావాట్ల డేటా కేంద్రం పూర్తి భారంతో నడిస్తే అందులో సగాన్ని రాత్రింబవళ్లు తీసుకొంటుంది. అంటే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. యూనిట్‌కు 0.7 కిలోగ్రాముల బొగ్గు చొప్పున, ఆ విద్యుత్తంతా బొగ్గునుండే వస్తే రోజుకు దాదాపు 17 వేల టన్నులు కాలవలసి ఉంటుంది. సౌరశక్తి, పవనశక్తి తోడైతే ఈ అంకె తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది పద్దు చూస్తేనే తెలుస్తుంది.

ఇక్కడ ఇంజినీర్లకు తెలిసిన ఒక కిటుకు ఉంది. డేటా కేంద్రం సామర్థ్యాన్ని చెప్పడానికి, కేంద్రం వాడిన మొత్తం విద్యుత్తును కంప్యూటర్లు వాడిన విద్యుత్తుతో భాగిస్తారు. 1.5 వస్తే, కంప్యూటర్లకు వంద యూనిట్లు ఇవ్వడానికి మరో యాభై యూనిట్లు ఇతర అవసరాలకు పోయాయన్న మాట. నీటిని ఆవిరిచేసి చల్లబరిస్తే ఈ నిష్పత్తి అందంగా తగ్గుతుంది, కాని నీటి ఖర్చు పెరుగుతుంది. గాలితో చల్లబరిస్తే నీరు మిగులుతుంది, విద్యుత్తు ఖర్చవుతుంది. కాబట్టి ఒక అంకెను చూపి రెండవదానిని మూసిపెట్టిన పద్దు సగం పద్దే.

మనవంటి పరిశ్రమలకు ఈ జమాఖర్చు కొత్తది కాదు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద విద్యుత్తు, ఉక్కు, సిమెంటు, ఎరువుల కర్మాగారాలు ఇంధన తనిఖీకి లోబడి పనిచేస్తున్నాయి. కూలింగ్ టవర్లున్న పాత థర్మల్ కేంద్రాలు ఒక్కో మెగావాట్ గంటకు 3.5 ఘనపు మీటర్లకు మించి నీరు వాడరాదని కేంద్ర పర్యావరణ శాఖ 2015లోనే పరిమితి విధించింది. ఐరోపా సమాఖ్య 2023 నాటి ఆదేశంతో, 500 కిలోవాట్లు, అంతకు మించిన డేటా కేంద్రాలు తమ విద్యుత్తు, నీటి వినియోగాలను నివేదించాలని కోరింది. మన తీరాన వెలిసే కేంద్రాలనుండి కూడా అంతే కోరడం న్యాయం. ప్రపంచ సమాచారాన్నంతా మన ముందు పరచగల వ్యవస్థ, తన మీటరు రీడింగును మనకు చూపలేకపోవడానికి సాంకేతిక కారణమేదీ లేదు.

ఇక రెండవ వార్త. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సాధనం, నిర్ణీత తరాల ప్రాసెసర్లు ఉండాలి. ఇవి లేని కంప్యూటర్లు చక్కగా పనిచేస్తున్నా, పరిమిత కాలపు అదనపు భద్రతా సవరణల గడువు తీరాక, యజమాని దృష్టిలో ముసలివైపోతాయి. ప్రపంచంలో 2022లో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడగా, సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్లు లెక్కకు వచ్చింది 22.3 శాతమే. తక్కినదానిలో కొంత ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల, చేతులకు తొడుగులైనా లేని శ్రామికుల మధ్య విడిపోతుంది. స్మార్ట్‌ఫోను విషయంలోనైతే, దాని జీవితకాలంలో వెలువడే కర్బన ఉద్గారాలలో అధికభాగం మన చేతికి రాకముందే, తయారీలోనే వెలువడుతుంది. వాడకంలో ఎంత పొదుపు చేసినా దానికి సరితూగదు. ఇంకో రెండేళ్లు వాడటమే అసలైన పొదుపు.

స్వేచ్ఛకూ పర్యావరణానికీ ముడి పడేది ఇక్కడే. లినక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఎవరైనా తీసుకొని పాత యంత్రంలో అమర్చుకోవచ్చు. తయారీదారు అనుమతి అక్కరలేదు. ఐరోపాలో 2025 జూన్ 20 నుండి, కొత్తగా మార్కెట్‌లోకి తెచ్చే ఫోన్లకు అమ్మకాలు ఆపిన తర్వాత కూడా ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు అందించాలన్న నిబంధన అమలవుతున్నది. కొన్న వస్తువును బాగుచేసుకొనే హక్కు కూడా అంతర్జాల స్వేచ్ఛలో భాగమే.

పర్యావరణం పేరు చెప్పి అంతర్జాలానికి కళ్లెం వేయాలన్న వాదనను ఈ రచయిత అంగీకరించడు. ఒక వీడియో సమావేశం ఒక విమాన ప్రయాణాన్ని తప్పించగలదు. గాలినీ ఎండనూ నమ్ముకొన్న విద్యుత్ గ్రిడ్‌ను సమాచార వ్యవస్థ లేకుండా నడపడం దుర్లభం. కోరవలసింది కళ్లెం కాదు, పద్దు.

మన ఇళ్లలో ఈ నెల చేయదగిన పని ఒకటుంది. అటకమీది పాత కంప్యూటరును దించి, కాలేజీలో చదివే పిల్లలచేత అందులో లినక్స్ పెట్టించండి. పనిచేస్తే కాలనీ గ్రంథాలయానికి ఇవ్వవచ్చు. పనిచేయకపోతే గుజరీవానికి వేయక, అధీకృత రీసైక్లింగ్ కేంద్రానికి అప్పగించండి.