కచేరీలు తమలో తాము మాటలాడుకొన్నచో

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తాలూకా కచేరీ మెట్లు ఎక్కని తెలుగు కుటుంబము ఉండదు. భూమి కొన్నను, అమ్మినను, పిల్లవానిని కాలేజీలో చేర్చినను, ఇంటి పెద్ద కాలము చేసినను ఒక కాగితము కావలెను. ఆ కాగితమునకు మరొక కాగితము కావలెను. ఒక కచేరీ ఇచ్చిన దానిని ఇంకొక కచేరీకి మోసికొనిపోవు బంట్రోతు పని మనది. రెండును సర్కారు కచేరీలే, ఒక్కొక్కప్పుడు ఒకే ఆవరణలో ఉండును కూడ. అయినను ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు.

ఈ తిప్పట తప్పించుటకు కంప్యూటరు పండితులు చెప్పిన పద్ధతి ఒకటి ఉన్నది. దానికి ‘సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్’ అని పేరు. 1996 ప్రాంతమున ఈ పేరు వాడుకలోనికి వచ్చినది. పేరు బరువుగా ఉన్నది గాని సంగతి మనకు కొత్తది కాదు. వేరు కాపురములు పెట్టిన అన్నదమ్ములను తలచుకొనండి. ఎవరి వంటిల్లు వారిది, ఎవరి పద్దు వారిది. తమ్ముడు అన్నగారి ఇంట శేరు బియ్యము బదులు అడుగవలెనన్నచో వంటింటిలోనికి చొరబడడు. గడప వద్ద నిలిచి అడుగును; వదినగారు కొలిచి ఇచ్చును. కొలపాత్ర ఏదో ముందే ఇరువురికిని ఒప్పుదల. కచేరీల విషయములోను అంతే. రెవెన్యూ వారి పుస్తకము రెవెన్యూ వారి వద్దనే, రిజిస్ట్రేషను వారిది వారి వద్దనే ఉండును. ఒకరికి సంగతి కావలసినప్పుడు, ఒప్పుకొన్న తీరున ప్రశ్న పంపుదురు, ఒప్పుకొన్న తీరున జవాబు వచ్చును. పుస్తకములన్నిటిని ఒకచోట కుప్ప పోయనక్కరలేదు.

పూర్వము మన పల్లెలలో ఈ పని కరణముగారు చేసినారు. ఎవరి పొలము ఎవరిదో, ఎవరికెవరు వారసులో ఆయన నోట నుండెను. అందులో మంచియు చెడుయు రెండును ఉండినవని మన పెద్దలకు చెప్పనక్కరలేదు. 1980లో తమిళనాట కరణము పదవులు రద్దయి గ్రామ పరిపాలనాధికారులు వచ్చినారు. మనిషి జ్ఞాపకములో నుండిన సంగతులు పుస్తకములలోనే మిగిలినవి. ఆ పుస్తకములు క్రమముగా కంప్యూటరు ఎక్కినవి.

ఈ దారిలో ఆంధ్రము వారు ముందుగా అడుగు వేసినారు. 1998లో రిజిస్ట్రేషను కచేరీలను కంప్యూటరుకు ఎక్కించినారు. 2001లో ఈ-సేవ కేంద్రములు, 2011లో మీసేవ వచ్చినవి. కుప్పము వైపు బంధువులున్న వారికి ఇది తెలిసినదే. కేంద్ర ప్రభుత్వము 2006లో జాతీయ ఈ-పరిపాలన ప్రణాళికను ఆమోదించి, 2008లో శాఖల మధ్య ప్రశ్నలను జవాబులను చేరవేయు ‘గేట్‌వే’ నొకదానిని ఏర్పరచినది. శాఖలకు అది తపాలాఫీసు వంటిది. ఈ-డిస్ట్రిక్ట్ పథకమును తమిళనాడులో మొదట పరీక్షించి చూచిన కొద్ది జిల్లాలలో మన కృష్ణగిరి ఒకటి. 2004లో ధర్మపురి నుండి వేరుపడిన కొత్త జిల్లాకు ఇది గౌరవమే. నేడు ఈ-సేవై కేంద్రములో ఒకసారి ‘కేన్’ నంబరు తీసికొన్నచో, ఆదాయము, కులము, నివాసము మొదలగు సర్టిఫికెట్లకు మన వివరములు మరల మరల వ్రాయించుకొనరు.

అన్నిటికంటె మనకు దగ్గరి ఉదాహరణ పట్టా. పూర్వము క్రయపత్రము రిజిస్టరయిన పిమ్మట పట్టా మార్పుకై వేరుగా అర్జీ పెట్టుకొని తిరుగవలసి వచ్చెను. ఇప్పుడు రిజిస్ట్రేషను వారి యంత్రము రెవెన్యూ వారి ‘తమిళ్ నిలం’ పుస్తకమును అడుగును: ఈ సర్వే నంబరు ఎవరి పేరనున్నది? స్థలము మొత్తము అమ్ముడుపోయి, సబ్ డివిజను అవసరము లేకుండ, అమ్మినవాని పేరు పట్టాలోని పేరుతో సరిపోయినచో పట్టా తనంతట తానే కొన్నవాని పేరునకు మారును. ఎంత సుఖము!

కాని ఆ ‘సరిపోయినచో’ అను మాట వద్దనే మనవారి కాలికి ముల్లు గుచ్చుకొనుచున్నది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరము. ప, ఫ, బ, భలకును ఒకటే. మన గంగప్ప ఆ లిపిలో నుండి ఇంగ్లీషులోనికి పోవునప్పుడు కంగప్ప అగును. బసప్ప పసప్ప అగును. భాగ్యమ్మ సంగతి అడుగనే వద్దు, ఆమె పాక్కియమ్మ. తండ్రి గోపాలప్ప అయినచో కొడుకు ఇనీషియలు స్కూలు సర్టిఫికెట్టులో ‘జి’, మరొక కాగితములో ‘కె’. ఇంటిపేరు వ్రాయు అలవాటు కొన్ని కుటుంబములలో ఉన్నది, కొన్నింట లేదు. దీనికి తోడు 1979లో మొదలైన యూడీఆర్ పట్టాల సవరణలో దొర్లిన పేర్ల తప్పులు నేటికిని దిద్దుబాటు కొరకు తిరుగుచునే ఉన్నవి.

కరణముగారైనచో ‘వీడే వాడు’ అని ఒక్క మాట చెప్పి ముగించును. యంత్రమునకు ఆ చనువు లేదు. గంగప్పయు కంగప్పయు దానికి ఇద్దరు మనుష్యులు. కచేరీలు మాటలాడుకొనకున్నంత కాలము ఈ తేడా మన పెట్టెలో నిద్రించినది. మాటలాడుకొన మొదలిడగనే బయటపడినది. ఇది పద్ధతి తప్పు కాదు. ఐదు పుస్తకములలో ఐదు విధములుగా వ్రాసిన పేరును పద్ధతి దిద్దలేదు, చూపగలదు. అయితే దిద్దించుకొను భారము పౌరుని నెత్తిననే వేయుట న్యాయము కాదని మా అభిప్రాయము. లిపి మార్పు వలన వచ్చిన తేడాను గుర్తించి, మనిషి చేత ఒకసారి విచారింపజేయు ఏర్పాటు సర్కారువారే చేయవలెను. సరిహద్దు జిల్లాలలో అది మరింత అవసరము. అత్తిబెలె దాటినచో కన్నడ పుస్తకము, కుప్పము వైపు పోయినచో తెలుగు పుస్తకము, నడుమ మనము.

మరొక చిక్కు ‘సర్వర్ లేదు’ అను జవాబు. నాలుగు పుస్తకములు ఒకదాని నొకటి అడుగు ఏర్పాటులో ఒకటి పలుకకున్నను పని ఆగును. గొలుసు బలము దాని బలహీనపు కడియములోనే కదా. ప్రశ్నను దాచి ఉంచి, తరువాత మరల అడుగు ఉపాయము ఈ విద్యలో లేకపోలేదు, వాడుటయే తక్కువ.

ఎస్టోనియా అను చిన్న దేశము ఉత్తర ఐరోపాలో ఉన్నది. దాని జనాభా మన కృష్ణగిరి జిల్లా జనాభాకంటె తక్కువ! 2001లోనే వారు ‘ఎక్స్-రోడ్’ అను ఏర్పాటుతో శాఖల పుస్తకములను కలిపినారు. ఒక వివరము కొరకు రెండు వేరు పుస్తకములు పెట్టరాదని వారి చట్టము. తన వివరములను ఎవరు చూచినదియు పౌరుడు తానే చూచుకొనవచ్చును. ఈ రెండవది మనకు మొదటి దానికంటె ముఖ్యమని తోచుచున్నది. మన పొలము సంగతి ఎవరు అడిగి పోయినారో కరణముగారి అరుగు మీద పదిమందికి తెలిసెడిది. యంత్రముల మాటలు ఎవరికిని వినబడవు.

ప్రస్తుతమునకు ఇంటిలో పట్టా, క్రయపత్రము, ఆధార్, స్కూలు సర్టిఫికెట్టు ఒకచోట పరచి పేర్లు పోల్చి చూచుకొనుట మంచిది. అమ్మకమునాడు కాదు, ముందుగానే. పేరు పూర్తిగా మార్చుకొనదలచిన వారికి రాష్ట్ర గెజెట్టు దారి ఉన్నది. 2023 అక్టోబరు 1 నాడు, ఆ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరుట మొదలు పాసుపోర్టు వరకు జనన సర్టిఫికెట్టే ఆధారమని చట్టము మారినది. జననమును 21 దినములలో రిజిస్టరు చేయించవలెను. పేరును తరువాత, ఏడాదిలోపల, రుసుము లేకుండ చేర్పించవచ్చును. నామకరణమయిన వెంటనే, పేరును ఇంగ్లీషులో ఏ అక్షరములతో వ్రాయవలెనో తాతగారును తండ్రియు కూర్చుండి తేల్చుకొని, ఆ చీటీని గుమాస్తా చేతికే ఇవ్వండి.