మన జవాబు వరండాలోనే ఉండిపోతోంది

పోస్టు కొంచెం పెద్దది. వైవా దగ్గర పడింది కాబట్టి సాహిత్యం సబ్జెక్టుగా తీసుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చివరిదాకా చదవండి.

పోయినసారి వైవాలో మా రూమ్మేట్‌ని ఒకటే అడిగారు. "కన్యాశుల్కం నాటకానికి ఆ పేరు ఎందుకు పెట్టారమ్మా?" తనకి గైడులో జవాబు కామాలతో సహా వచ్చు. ముందురోజు రాత్రి మాకు అప్పజెప్పింది కూడా. లోపల రెండు వాక్యాలు చెప్పాక మూడోది గుర్తు రాలేదు. అంతే, నోరు పెగల్లేదు. "సరే, వెళ్ళు" అన్నారు.

బయటికొచ్చి వరండాలో కూర్చుని ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని మాతో అంది: "మన దగ్గర కూడా ఓలి ఇస్తారు కదే. కానీ మన ఊళ్ళో మొగుడు పోయినదానికి మళ్ళీ మనువు ఉంది. బుచ్చమ్మకి ఎందుకు లేదు? డబ్బు పుచ్చుకోవడం ఒక్కటే తప్పయితే మనదీ తప్పే. చిన్నపిల్లని ముసలాడికి కట్టబెట్టి, వాడు పోతే ఆ పిల్లని బతుకంతా మూల కూర్చోబెట్టడం కదా అసలు తప్పు?"

మేము అలా వింటూ ఉండిపోయాం. ఇది ఏ గైడులోనూ లేదు. లోపల అడిగినదానికి ఇదే జవాబు. కానీ తను చెప్పింది వరండాలో. మార్కులు వేసింది లోపల.

మనకి జవాబులు రాక కాదు. మన జవాబు పరీక్షకి పనికొస్తుందని మనకే నమ్మకం లేదు. మేము చెప్పదలచుకున్నది ఇదే.

ఆ నమ్మకం ఎందుకు లేదో మీకూ తెలుసు. ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, క్లాసులో తెలుగు. చిన్నప్పుడు బళ్ళో ఒక మాట తప్పు పలికితే బెంచీ అంతా నవ్వింది. అప్పటినుంచి అచ్చులో ఉన్నదే చెప్పాలి, సొంత మాట బయట పెట్టకూడదు అని అలవాటైపోయింది. బట్టీని తిట్టడం లేదు. ఇంట్లో చెప్పేవాళ్ళు లేని మనల్ని పది, ఇంటర్ గట్టెక్కించింది బట్టీయే. కానీ రాత పరీక్షలో ఒకటి మర్చిపోతే ఇంకో ప్రశ్నకి పోవచ్చు. వైవాలో ఎదురుగా మనిషి కూర్చుని "ఎందుకు?" అంటారు. ఆ "ఎందుకు"కి గైడులో పేజీ ఉండదు.

ఈ సంగతి గురజాడ నాటకంలోనే పెట్టారు. వెంకటేశాన్ని ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడి చూపించమంటే, గిరీశంతో కలిసి పాఠాల్లోని ముక్కలు అప్పజెప్తాడు. వినేవాళ్ళు నిజంగా మాట్లాడుతున్నారనుకుంటారు. మేము చదివి పడీపడీ నవ్వాం. తర్వాత ఆలోచిస్తే వైవా గదిలో మనం చేస్తున్నదీ అదే.

ఇక యాస. 1892లో మొదటిసారి ఆడి, 1909లో తిరగరాసి అచ్చువేసిన ఈ నాటకం నడిచేదే విజయనగరం వైపు జనం మాట్లాడే మాటల్లో. పిల్లలు పరీక్షల్లో ఏ తెలుగు రాయాలన్న గొడవలో వాడుక భాష పక్షాన గురజాడ 1914లో మద్రాసు యూనివర్సిటీకి అసమ్మతి పత్రం ఇచ్చారు. ఆయన స్నేహితుడు గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని ఆ భాషకి పుస్తకాలు, నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ రోజు ఫొటోకి దండ వేసి, మర్నాడు మన యాసకి నవ్వితే ఎలా?

ఈసారి మా రూములో ఇలా మొదలుపెట్టాం. గైడు పక్కన పెట్టి అసలు పుస్తకం తెరుస్తున్నాం. రోజుకి ఒక్క సన్నివేశం, పైకి చదవడం. తర్వాత మూడు ప్రశ్నలు. ఎవరు ఎవరితో ఏం ఆశించి మాట్లాడుతున్నారు? ఆ మాట ఇంకోలా కాకుండా ఇలాగే ఎందుకు ఉంది? మనకి ఏమనిపించింది, పుస్తకంలో ఏ మాట వల్ల అనిపించింది? మూడోది గట్టిగా పట్టుకోండి. "మా ఊళ్ళో ఇలా ఉండదు సార్" అని ఆగిపోతే అది కబురు. "పుస్తకంలో ఫలానా చోట ఇలా ఉంది, అందుకే మాకు ఇలా అనిపించింది" అంటే విశ్లేషణ. ముందు ఇంటి భాషలో చెప్పుకుంటాం, తర్వాత తెలుగులో. ఒకరు సార్ అవుతారు, "ఎందుకు" అంటూనే ఉంటారు. "ఇది తెలియదు సార్, దీని గురించి చెప్తాను" అనడం కూడా నేర్చుకుంటున్నాం. ఊరుకోవడం కన్నా అది నయం.

మాస్టార్లకీ ఒక మనవి. దేనికి ఎన్ని మార్కులో ముందే చెప్పండి. పుస్తకం చేతిలో ఉంచుకోనివ్వండి. మాట ఆగిపోతే ఇంకో రకంగా ఒక్కసారి అడగండి. జాలి మార్కులు మాకు వద్దు. చెప్పిన విషయానికి మార్కులు వేయండి, పలికిన తీరుకి కాదు.

ఆ అమ్మాయి వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కింది తనే మొదలు. వైవా అయిన రాత్రి పెట్టె సర్దుకుంది, ఇంటికి పోతానని. ఎలాగో ఆపాం. ఇప్పుడు మా రూములో సార్ అయ్యేది తనే. "ఎందుకు?" అని అడిగి మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. మీ హాస్టళ్ళలోనూ ఈ రాత్రే మొదలుపెట్టండి. వరండాలో చెప్పుకునే మాట ఈసారి లోపల చెబుదాం.

జోహార్.